రంగం రేవులో ఒక ఖాళీ గడి

మా కాకినాడ వైపు పాతతరం వాళ్ళకి యాంగోన్ అంటే తెలియదు, వాళ్ళకది రంగం. మా ముత్తాత ఆ రేవులో మూటలు మోసి, 1930లో ఉత్త చేతులతో తిరిగొచ్చాడట. ఆ రేవు ఆఫీసు పనిలో మళ్ళీ ఎదురవుతుందనుకోలేదు!

నేను రాసేది సరఫరాదారులకు మార్కులు వేసే సాఫ్ట్‌వేర్. కర్బన ఉద్గారాలు, కరెంటు, నీళ్ళు, కార్మికుల వయసు... అన్నిటికీ గడులున్నాయి. ఆ మధ్య యాంగోన్ రేవుని ఉదాహరణగా తీసుకుని నింపి చూశాను. మంచి మార్కులే వచ్చాయి. "ఆ స్థలం ఎవరిది?" అన్న గడి మాత్రం మా దాంట్లో లేదు.

కథంతా ఆ గడిలోనే ఉంది. అదానీ పోర్ట్స్ (మన కృష్ణపట్నం, గంగవరం రేవులు ఇప్పుడు వీళ్ళవే) యాంగోన్‌లో కంటైనర్ టెర్మినల్ కోసం తీసుకున్న స్థలం మియన్మా ఎకనమిక్ కార్పొరేషన్‌ది. అంటే అక్కడి సైన్యానిది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. మార్చిలో అమెరికా ఆ కార్పొరేషన్ మీద ఆంక్షలు పెట్టింది. ఏప్రిల్‌లో డౌ జోన్స్ సస్టెయినబిలిటీ సూచీ నుంచి అదానీ పోర్ట్స్‌ని తీసేశారు. జూన్‌లో నార్వే పింఛను సంస్థ కేఎల్‌పీ తన వాటా అమ్మేసింది.

ఆ వాటా పది లక్షల డాలర్ల చిల్లరే. దానికే అంత పెద్ద కంపెనీ కదులుతుందా అంటారేమో! రేవులు కట్టేది విదేశీ అప్పులతో. అప్పిచ్చేవాళ్ళు ఒకరి జాబితా ఒకరు చూస్తారు. పేరు చెడితే వడ్డీ పెరుగుతుంది. నా మటుకు పరువు అంటే ప్రకటనల విభాగం వ్యవహారం కాదు, ఇదే. అక్టోబరులో కంపెనీ బయటికొస్తానంది. 12.7 కోట్ల డాలర్లు పెట్టిన టెర్మినల్‌ని 2023 మేలో 3 కోట్లకు అమ్ముకుంది.

అయితే బయటికి రావడంతో చేతులు శుభ్రమైపోవు. హెచ్ అండ్ ఎమ్ కూడా 2023లో మయన్మార్ నుంచి క్రమంగా తప్పుకుంటానంది. అక్కడ కుట్టుమిషన్ల ముందు కూర్చునే ఆడపిల్లల సంగతేమిటి? ఈ ప్రశ్నకు ఏ సూచీలోనూ మార్కులుండవు.

1930 మేలో రంగం రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. అక్కడివాళ్ళు వాళ్ళని "కోరంగీలు" అనేవారు, మన కోరంగి రేవు పేరే. ఓడ సరుకు దించే కంపెనీలు బర్మా కూలీలను దింపాయి, సమ్మె తేలగానే వాళ్ళని పొమ్మన్నాయి. కడుపు మండినవాళ్ళు కూలీల మీదే పడ్డారు. వందమందికి పైగా పోయారు. ఆ కంపెనీల పరువుకి మాత్రం ఏమీ కాలేదు. ఆ రేవు నుంచి వెళ్ళిన బియ్యం తిన్నవాళ్ళకి మూట మోసిందెవరో తెలిస్తే కదా!

కొత్త గడి చేర్చాను. మా మేనేజరు ఒప్పుకున్నారు కానీ, నింపడం తప్పనిసరి చెయ్యొద్దన్నారు. ఇంకా వాదిస్తూనే ఉన్నాను.