మెడ ఆపరేషన్ తర్వాత మళ్లీ మిషను తొక్కాలంటే...

మా వదిన ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతోంది. మొన్నామధ్య మెడలో జారిన డిస్కు తీసేసి, ఆ చోట చిన్న కేజ్ పెట్టి, ప్లేటు, స్క్రూలు బిగించారు. చూడ్డానికి వచ్చినవాళ్లలో కొందరు "ఇక ఆ మిషను అమ్మేయమ్మా" అన్నారు. ఇంకొందరు "నొప్పి తగ్గిందిగా, మొదలుపెట్టేయ్" అన్నారు. రెండు మాటలూ తప్పే.

అపోహ: మెడకు ఆపరేషన్ అయితే జన్మలో కుట్టకూడదు.

వాస్తవం: చాలామంది మళ్లీ కుడతారు. రెండు పూసలను కలిపి బిగించినంత మాత్రాన మెడ కొయ్యబారిపోదు. తల అటూ ఇటూ తిరగడంలో దాదాపు సగం పైనున్న మొదటి రెండు పూసల దగ్గరే జరుగుతుంది. డిస్కు ఆపరేషన్లు ఎక్కువగా జరిగేది కింద, 5, 6, 7 పూసల దగ్గర.

అపోహ: నొప్పి పోయిందంటే ఎముక అతికినట్టే.

వాస్తవం: ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. నరం మీద ఒత్తిడి పోగానే చేతిలోకి లాగే నొప్పి కొందరికి మర్నాడే మాయమవుతుంది. కలిపి బిగించిన పూసల ఎముక అతకడానికి మాత్రం మూడు నెలలు పట్టొచ్చు, ఏడాదీ పట్టొచ్చు. అందుకే డాక్టరు ఎక్స్‌రే చూసి సరేనన్నాకే మిషను దగ్గర కూర్చోవాలి. వేళ్ల తిమ్మిరి సంగతి వేరు. అది నెలల తరబడి ఉండొచ్చు, కాబట్టి సూది పట్టు కుదరనంత మాత్రాన ఆపరేషన్ ఫెయిలైందని బెంగపడకండి.

అపోహ: మిషను కష్టం, చేతికుట్టు తేలిక.

వాస్తవం: మెడకు కష్టమయ్యేది వంగి చూడటం. మన తల బరువు సుమారు 5 కిలోలు. దాన్ని 60 డిగ్రీలు వంచితే మెడ మీద భారం 27 కిలోల దాకా పెరుగుతుందని 2014లో ఓ అమెరికన్ వెన్నెముక సర్జన్ లెక్కగట్టారు. చీర ఒళ్లో వేసుకుని ఫాల్ కుట్టేటప్పుడు, హుక్కులు, కాజాలు కుట్టేటప్పుడు చూడండి, గడ్డం వెళ్లి గుండెకు ఆనుతుంది. వదిన ఇప్పుడు ఒళ్లో రెండు దిండ్లు పెట్టుకుని బట్టను కళ్ల దగ్గరికి తెచ్చుకుంటోంది. మోటారు మిషను కింద వెనకవైపు చెక్క పెట్టి తనవైపు వాల్చుకుంది. నేలమీద పరిచి కత్తిరించడం మానేసి, వంటింటి గట్టు దగ్గర నిలబడి కత్తిరిస్తోంది. పావుగంటకోసారి ఫోనులో అలారం మోగుతుంది. జాకెట్టు చేయి సగం అతికించి ఉన్నా సరే, లేచి నాలుగడుగులు నడుస్తుంది. ఆ క్రమశిక్షణ చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

అపోహ: మెడకు కాలర్ పెట్టుకుంటే ఎంతసేపైనా కుట్టొచ్చు.

వాస్తవం: కాలర్ ఉంటే తల వంగదు, సూది కనబడదు. దాంతో నడుము, భుజాలు ముందుకు వంచేస్తాం. కాలర్ డాక్టరు చెప్పినన్నాళ్లే పెట్టుకోవాలి. కొందరికి అసలు అవసరమే ఉండదు.

అపోహ: మెడ పట్టేస్తే మర్దన చేయించి విరిపించుకుంటే సరి.

వాస్తవం: ఆ పని అస్సలు చేయొద్దు. పాత ఇనుప మిషనును ఎత్తి జరపడం కూడా వద్దు.

కొత్తగా చేయి బలం తగ్గినా, కత్తెర చేజారుతున్నా, నడక తూలుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా ఆలస్యం చేయకండి. పెళ్లి జాకెట్టయినా సరే పక్కన పెట్టి, వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి వెళ్లండి.