మేళ్లు రాసుకోవడం: వారానికోసారి చాలు

రోజంతా సవ్యంగానే గడుస్తుంది. సాయంత్రం ఎవరో అన్న ఒక్క పుల్లవిరుపు మాట మాత్రం పడుకున్నాక కూడా చెవిలో మోగుతూనే ఉంటుంది. చెడును మనసు గట్టిగా పట్టుకుంటుంది. మంచి ఎంత పెద్దదైనా కొన్నాళ్లకు మామూలైపోతుంది. అందుకే జరిగిన మంచిని పనిగట్టుకుని గమనించాలి. కృతజ్ఞత సాధన అంటే ఇంతే.

దీన్ని పరీక్షించి చూసినవారిలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో ముఖ్యులు. 2003లో వెలువడిన వారి అధ్యయనంలో కాలేజీ విద్యార్థులు మూడు జట్లుగా వారానికోసారి రాశారు. ఒక జట్టు తమకు దక్కిన మేళ్లు రాస్తే, రెండోది చికాకులు, మూడోది మామూలు సంఘటనలు రాసింది. మేళ్లు రాసినవారు తమ జీవితం బాగుందని మిగతావారి కంటే ఎక్కువగా చెప్పారు. ఒంట్లో నలతలు కూడా తక్కువే చెప్పారు. అదే అధ్యయనంలో భాగంగా నరాలు, కండరాల జబ్బులున్నవారితో మూడు వారాలు రోజూ రాయిస్తే, నిద్ర మెరుగైందన్నారు.

అయితే ఎంత ఎక్కువ రాస్తే అంత మేలా? కాదు. మరో మనస్తత్వ శాస్త్రవేత్త సోన్యా ల్యూబోమిర్స్కీ బృందం ఆరు వారాలపాటు కొందరితో వారానికోసారి, కొందరితో మూడుసార్లు రాయించింది. ఆనందం పెరిగింది వారానికోసారి రాసినవారికే. రోజూ అవే మాటలు, ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం అని రాస్తూ పోతే అది హాజరుపట్టీ అయిపోతుంది.

కాబట్టి తక్కువసార్లు రాసినా వివరంగా రాయాలి. ‘మా అత్తగారు మంచివారు’ అంటే మనసులో ఏమీ కదలదు. ‘నాకు జ్వరం వచ్చిన రోజు ఆవిడే పిల్లల్ని తయారుచేసి స్కూలుకు పంపారు’ అంటే ఆ పూట కళ్లముందుకొస్తుంది. అది ఎందుకు జరిగిందో కూడా రాయాలి. 2005లో మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్మన్ బృందం ప్రతి రాత్రీ మూడు మంచి సంగతులు, వాటి కారణాలు రాయించింది. వారం రోజుల ఆ పని ఫలితం ఆరు నెలల తర్వాతా కనిపించింది.

రాసింది ఆ మనిషికి చెబితే ఇంకా మేలు. ‘ఇంట్లోవాళ్లకు థ్యాంక్స్ ఏమిటి, ఎబ్బెట్టుగా!’ అనుకుంటాం. పరిశోధకులు అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో చూపించింది దీనికి జవాబే: కృతజ్ఞతలు చెప్పేవారు ఊహించుకున్నంత ఇబ్బంది వినేవారికి ఉండదు, సంతోషం మాత్రం ఊహకు మించి ఉంటుంది.

దీనికీ హద్దులున్నాయి. కుంగుబాటు, ఆందోళనల మీద ఈ సాధన ప్రభావం స్వల్పమేనని 27 అధ్యయనాలను కలిపి చూసిన 2021 నాటి పరిశీలన తేల్చింది. వాటికి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ‘ఉన్నదానికి సంతోషించు’ అని నోరు మూయించడానికి దీన్ని వాడటం మరీ తప్పు. కూలి ఎగ్గొట్టే యజమాని దగ్గరా, చెయ్యి చేసుకునే భర్త దగ్గరా సర్దుకుపోవడం కృతజ్ఞత కాదు. మేలు చేసినవారిని గుర్తుంచుకునే మనిషికి, తన బాకీ అడిగే హక్కు ఎక్కడికీ పోదు.