మగ్గం ఆగకూడదంటే నిల్వను రోజుల్లో లెక్కించాలి

సోలాపూర్ టవళ్ళకు, చద్దర్లకు పేరు తెచ్చినవారిలో తెలంగాణ వైపు నుంచి తరాల క్రితం వచ్చి స్థిరపడిన మన పద్మశాలీలు ముందుంటారు. నేటికీ ఎన్నో తెలుగు ఇళ్ళు పవర్‌లూమ్‌ల మీదే బతుకుతున్నాయి. నేసినదాన్ని బట్టి కూలి తీసుకునేవారికి మగ్గం ఆగిన రోజు కూలి ఉండదు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో దీన్ని అందరమూ చూశాము. సరుకు రాక తెగినా పని తెగకుండా చిన్న కార్ఖానాదారులు ఏం చేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాము.

మనవాళ్ళు నిల్వను కిలోల్లోనో రూపాయల్లోనో రాస్తారు. గోదాములో రెండు లక్షల నూలు ఉందంటే ధైర్యంగానే ఉంటుంది. కానీ అది ఎన్నాళ్ళు వస్తుంది? అమెరికాలో ఎంఐటీ ఆచార్యులు డేవిడ్ సిమ్చి-లెవి ఫోర్డ్ కార్ల కంపెనీతో కలిసి రూపొందించిన పద్ధతికి ఇలాంటి లెక్కలే ఆధారం. సరుకు రావడం ఆగితే ఉన్నదానితో ఎన్ని రోజులు నడుస్తాం, అది మళ్ళీ అందడానికి ఎన్ని రోజులు పడుతుంది అని వేసుకోవాలి. రెండో అంకె పెద్దదైతే ఆ తేడా ఉన్నన్ని రోజులు మగ్గం నిలిచినట్టే. నూలు 12 రోజులకు ఉండి, వేరే మిల్లు నుంచి తెప్పించడానికి 20 రోజులు పడుతుందనుకుంటే 8 రోజుల కూలి పోతుంది. రిజిస్టర్లు రాసి రిటైరైన మాలాంటి గుమాస్తాలకు ఇది పెద్ద విద్యేమీ కాదు. ప్రతి సరుకుకూ విడిగా వేయడానికే ఓపిక కావాలి.

విడిగా ఎందుకంటే, పని ఆపేది ఎప్పుడూ ఖరీదైన సరుకే కానక్కరలేదు. ఫోర్డ్‌లో కూడా చవక భాగాల వల్లే పెద్ద నష్టం రాగలదని తేలింది. జపాన్‌లో 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ కంపెనీ ఫ్యాక్టరీ కాలిపోయింది. అక్కడ తయారయ్యే చిన్న బ్రేకు వాల్వు అందక టొయోటా కార్ల ఉత్పత్తి జపాన్‌లో దాదాపుగా నిలిచిపోయింది. ఆ వాల్వుల నిల్వ వారి దగ్గర కొన్ని గంటలకే సరిపోయేది. అప్పుడు 60కి పైగా ఇతర కంపెనీలు డ్రాయింగులు తీసుకుని, ఉన్న యంత్రాలతోనే వాల్వులు చేసి పంపాయి. కొద్ది రోజుల్లోనే కార్ల పని మళ్ళీ మొదలైంది. మన దగ్గర అలాంటి చిన్న సరుకు లేబులో, అట్టపెట్టో, మగ్గం విడిభాగమో కావచ్చు. అవి చవక కాబట్టి నెల రోజులకు సరిపడా ఉంచుకున్నా పెట్టుబడి పెద్దగా ఇరుక్కోదు. నూలును అలా నిల్వ చేయలేము. ధర తగ్గితే మునిగిపోతాము.

నూలుకు, రంగులకు రెండో దారి చూసుకోవాలి. అయితే ఇద్దరు వ్యాపారులు ఉన్నంత మాత్రాన రెండు దారులు ఉన్నట్టు కాదు. ఇద్దరికీ సరుకు ఒకే చోటు నుంచి వస్తుంటే ఇద్దరూ ఒకే రోజు చేతులెత్తేస్తారు. "మీకు ఎక్కడి నుంచి వస్తుంది?" అని అడగడానికి మొహమాటపడకండి. అప్పుడప్పుడు కొంచెం కొంటూ ఉంటేనే రెండో వ్యాపారి కష్టకాలంలో మనల్ని గుర్తు పెట్టుకుంటాడు.

ఎగుమతి చేసేవారికి సముద్రం కూడా లెక్కలోదే. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక యూరప్ వెళ్ళే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళాయి. ప్రయాణం పది రోజులకు పైగా పెరిగింది. సరుకు ఆలస్యమైతే డబ్బూ ఆలస్యమే, ఆ మధ్యలో నూలు కొనడానికి చేతిలో ఏముంటుంది? అందుకని మూడో అంకెగా డబ్బు ఎన్ని రోజులకు వస్తుందో కూడా రాసుకోవాలి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం దేశంలోని కొనుగోలుదారు చిన్న తయారీదారుకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. ఫిర్యాదు చేయాలంటే ఉద్యమ్ నమోదు ఉండాలి. అది ఉచితం, ఆన్‌లైన్‌లోనే అవుతుంది. ఇంకా చేయించుకోనివారు ఆధార్, పాన్ కార్డులు తీసుకుని సంఘం కార్యాలయానికి వస్తే దగ్గరుండి నింపిస్తాము. నిల్వ పుస్తకం నమూనా కూడా అక్కడే ఉంది. మన పిల్లల్లో చాలామంది లెక్కలు మరాఠీలోనే రాస్తున్నారు కాబట్టి రెండు భాషల్లోనూ తయారుచేశాము.