తొడుక్కునే ఎంఆర్‌ఐ కాయిల్స్: ఏం మారుతుంది, ఏం మారదు?

ఎంఆర్‌ఐ స్కాన్ చేయించుకున్నవారికి రెండు విషయాలు గుర్తుండిపోతాయి. ఒకటి యంత్రం చేసే చప్పుడు. రెండోది ‘కదలకుండా పడుకోండి’ అనే మాట. తల చుట్టూ హెల్మెట్ లాంటి చట్రం, మోకాలికి గొట్టం లాంటి తొడుగు, పొట్ట మీద బరువైన పలక అమర్చి లోపలికి పంపుతారు. ఇవి రోగిని కదలకుండా పట్టి ఉంచే సామగ్రి అని చాలామంది అనుకుంటారు. కానీ శరీరం నుంచి వచ్చే సంకేతాన్ని అందుకునేది అవే. వాటిని కాయిల్స్ అంటారు. ఈ గట్టి చట్రాలకు బదులు గ్లోవ్‌లా తొడుక్కునే, దుప్పటిలా కప్పుకునే కాయిల్స్ ఇప్పుడు వస్తున్నాయి. అవి ఎలా పనిచేస్తాయి? ఎవరికి మేలు?

కాయిల్ పనేమిటి?

మన ఒంట్లోని నీటిలో, కొవ్వులో హైడ్రోజన్ ఉంటుంది. బలమైన అయస్కాంతంలో ఉన్నప్పుడు దాని కేంద్రకాలకు రేడియో తరంగాలు పంపి ఆపేస్తే, అవి అదే పౌనఃపున్యంలో ఒక చిన్న సంకేతాన్ని తిరిగి పంపుతాయి. 1.5 టెస్లా యంత్రంలో అది సుమారు 64 మెగాహెర్ట్జ్, 3 టెస్లా యంత్రంలో సుమారు 128 మెగాహెర్ట్జ్. మనం వినే ఎఫ్ఎం రేడియోకు ఒకటి కాస్త కింద, ఇంకొకటి కాస్త పైన. అంటే కాయిల్ కూడా ఒక రకం ఏంటెన్నాయే.

ఈ సంకేతం చాలా బలహీనమైనది. కాయిల్ దూరం జరిగేకొద్దీ వేగంగా తగ్గిపోతుంది. కాయిల్‌ను పెద్దది చేస్తే శరీరం మొత్తం నుంచి రొద కూడా వచ్చిపడుతుంది. చిన్న కాయిల్ చర్మానికి ఆనుకుని ఉంటే సంకేతం బాగుంటుంది కానీ, అది చూడగలిగే మేర తక్కువ. అందుకే అనేక చిన్న కాయిల్స్‌ను పక్కపక్కన పేర్చి, అన్నిటి సంకేతాలనూ కలిపే పద్ధతిని 1990లో రోమర్ బృందం వివరించింది. 1997లో డేనియల్ సోడిక్సన్ మరో అడుగు వేశారు. ఒక్కో కాయిల్ శరీరాన్ని ఒక్కో చోటు నుంచి చూస్తుంది. ఆ తేడాలను లెక్కలోకి తీసుకుంటే తక్కువ కొలతలతోనే చిత్రం తయారుచేయవచ్చని, స్కాన్ సమయం తగ్గించవచ్చని చూపారు. నేటి యంత్రాల వేగానికి ఈ ఆలోచన ఒక ముఖ్య కారణం.

మరి గట్టి చట్రం దేనికి?

రెండు చిక్కులున్నాయి. కాయిల్‌ను నిర్ణీత పౌనఃపున్యానికి శ్రుతి చేస్తారు. వంచితే ఆ శ్రుతి జారుతుంది. రెండోది, ఒక కాయిల్‌లో పారే కరెంటు పక్క కాయిల్‌లో కూడా కరెంటు పుట్టిస్తుంది. దాన్ని రద్దు చేయడానికి పక్కపక్క కాయిల్స్‌ను కచ్చితమైన మేరకు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా అమరుస్తారు. ఆ అమరిక చెదిరితే లెక్క తప్పుతుంది. కాబట్టి గట్టి చట్రంలో బిగించారు. దాంతో కాయిల్‌కు తగ్గట్టు మనిషి సర్దుకోవలసి వచ్చింది.

రెండు దారులు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో అనా క్లాడియా అరియాస్, మైఖేల్ లస్టిగ్‌ల బృందం అచ్చు పద్ధతిని ఎంచుకుంది. టీ షర్టుల మీద బొమ్మలు ముద్రించే స్క్రీన్ ప్రింటింగ్ తరహాలోనే, పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ మీద విద్యుత్తును ప్రసరింపజేసే సిరాతో కాయిల్స్ ముద్రించి, ఆ ఫలితాలను 2016లో ప్రచురించింది. రాగితో పోలిస్తే సిరాకు నిరోధం ఎక్కువ. అయినా ఒంటికి అంటిపెట్టుకుని ఉండటం వల్ల ఆ లోటు చాలావరకు పూడుతుంది.

న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో బే జాంగ్, సోడిక్సన్, మార్టిన్ క్లూస్ 2018లో కాయిల్స్ కుట్టిన గ్లోవ్‌ను చూపారు. వాళ్లు సమస్యను తలకిందులు చేశారు. పక్క కాయిల్‌ను కదిలించేది కరెంటే కదా! అసలు కరెంటే పారనివ్వకుండా, ఇంపిడెన్స్ ఎక్కువగా ఉండే కాయిల్స్‌ను కోయాక్సియల్ కేబుల్‌తో చేశారు. ఇక అవి ఎలా వంగినా, ఒకదాని మీదికి ఒకటి జరిగినా పెద్దగా తేడా పడదు. ఆ గ్లోవ్ తొడిగి, కదులుతున్న చేతిలో ఎముకలు, కండరాలు, స్నాయువులు కలిసి ఎలా పనిచేస్తాయో చిత్రించారు. అంతవరకు చేతిని కదలనివ్వకుండా తీసిన చిత్రాలే ఎక్కువ.

పరిశోధనశాల దాటి ఆసుపత్రులకు చేరినవీ ఉన్నాయి. జీఈ హెల్త్‌కేర్ సంస్థ ‘ఎయిర్’ పేరుతో దుప్పటిలా వంగే తేలికపాటి కాయిల్స్ అమ్ముతోంది.

ఎవరికి మేలు?

మొదట చెప్పుకోవలసింది పసిపిల్లల గురించి. పెద్దల కొలతకు చేసిన కాయిల్ వాళ్ల ఒంటికి ఆనదు. వాళ్లు కదలకుండానూ ఉండరు. అందుకే చాలాసార్లు మత్తు ఇవ్వాల్సి వస్తుంది. కాయిల్ ఒంటికి అమరి, స్కాన్ త్వరగా ముగిస్తే మత్తు మోతాదు తగ్గించవచ్చు, కొందరికి అసలు అక్కర్లేకపోవచ్చు. వెన్ను వంగిన వృద్ధులకు, కీళ్ల నొప్పితో కాళ్లూచేతులూ చాపలేనివారికి, మామూలు కొలతల్లో ఇమడని శరీరాలకు కూడా ఇదే ప్రయోజనం.

యంత్రాలు తక్కువగా ఉన్నచోట ఈ లెక్కకు మరింత విలువ. ఉదాహరణకు అండమాన్ చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 13 మందికి పైగా మాతృభాష తెలుగు. సిప్పీఘాట్ నుంచి శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) సుమారు 14 కిలోమీటర్లు. అక్కడ కుదరని వైద్యానికి సముద్రం దాటాలి. చెన్నై దాదాపు 1,200 కిలోమీటర్లు, ఓడలో అయితే సుమారు మూడు రోజులు. అలాంటిచోట రోగి కదలడం వల్ల మసకబారిన స్కాన్‌ను మళ్లీ తీయడమంటే ఆ రోగికి ఖర్చు, వరుసలో ఉన్న మరొకరికి ఆలస్యం.

ఏం మారదు?

తొడుక్కునే కాయిల్ అంటే తొడుక్కునే ఎంఆర్‌ఐ కాదు. టన్నుల బరువుండే అయస్కాంతం, దాన్ని మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచే ద్రవ హీలియం, కవచమున్న గది, ఇరవై నాలుగు గంటల కరెంటు, చదివి చెప్పే రేడియాలజిస్టు అన్నీ కావాల్సిందే. సిప్పీఘాట్‌కు యంత్రాన్ని తీసుకెళ్లే ఉపాయం ఇది కాదు. ఉన్న యంత్రం నుంచి మెరుగైన చిత్రాన్ని రాబట్టే ఉపాయం.

భద్రత మాటా ఉంది. యంత్రం రేడియో తరంగాలు పంపే క్షణంలో కాయిల్‌ను శ్రుతి తప్పించి ఉంచే ఏర్పాటు తప్పనిసరి. లేకపోతే అందులో కరెంటు పుట్టి చర్మం కాలవచ్చు. ఒంటికి ఆనుకునే కాయిల్ విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. చెమట, రోజువారీ శుభ్రత, వేలసార్లు వంచడం తట్టుకోవాలి కూడా.

మరో అడ్డంకి వ్యాపారానిది. ఒక కంపెనీ యంత్రానికి మరో కంపెనీ కాయిల్ సాధారణంగా అమరదు. కనెక్టర్లు వేరు, సాఫ్ట్‌వేర్ వేరు. యంత్రం కొన్న ఆసుపత్రి కాయిల్స్‌కూ ఆ కంపెనీ మీదే ఆధారపడుతుంది.

మన అవకాశమూ ఇక్కడే ఉంది. బెంగళూరులోని వోక్సెల్‌గ్రిడ్స్ 1.5 టెస్లా యంత్రాన్ని దేశంలోనే తయారుచేసింది. వైద్య పరికరాల కోసమే విశాఖపట్నంలో 270 ఎకరాల్లో ఏఎంటీజెడ్ ఉంది. అయస్కాంతంతో పోలిస్తే కాయిల్ తయారీకి కావలసిన పెట్టుబడి చాలా తక్కువ. ప్రభుత్వ ఆసుపత్రులకు యంత్రాలు కొనేటప్పుడే, ఇతర సంస్థల కాయిల్స్‌నూ అనుమతించాలన్న షరతు టెండర్లలో పెడితే, ఇక్కడ చేసే కాయిల్‌కు కొనుగోలుదారు దొరుకుతాడు. లేదంటే కాయిల్ ఎంత మెత్తగా ఉన్నా, దాన్ని బిగించే తాళం మాత్రం ఇంకొకరి చేతిలోనే ఉంటుంది.