ఆడపిల్లకు వ్యవసాయ చదువు: ఖర్చెంత? ఫలమెంత?

మా ఎచ్చెర్ల వైపు నాట్ల దగ్గర నుంచి నూర్పు దాకా ఆడచెయ్యి పడని వ్యవసాయం ఉండదు. మొక్కజొన్న పొత్తులు ఒలిచినా, విత్తనం దాచినా, పశువుకి గడ్డి వేసినా ఆడవాళ్లే. కానీ అదే వ్యవసాయాన్ని ఆడపిల్ల కాలేజీకి వెళ్లి చదువుకుంటానంటే మాత్రం ఇంట్లో నలుగురూ నాలుగు మాటలంటారు. "పొలంలో దిగడానికి సదువెందుకు?" అని ఒకరు, "అత్తారింట్లో ఆ సదువేటికి పనికొస్తాది?" అని ఇంకొకరు.

మా వీధిలో ఒకావిడకి ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది ఇంటర్, చిన్నది పది పాసయ్యారు. ఎకరంన్నర పొలం, పెళ్లిళ్లకని బ్యాంకులో వేసిన కాస్త డబ్బు, అదే ఆస్తి. "అక్కా, గుంటలిద్దరూ అగ్రికల్చరే అంతన్నారు. పెళ్లి డబ్బు తీసి సదివిస్తే తిరిగొస్తాదంతావా?" అని అడిగింది. ఇది ఆవిడ ఒక్కరి ప్రశ్నే కాదు. అందుకే ఈ లెక్క విప్పి చూద్దాం.

రెండేళ్లా, నాలుగేళ్లా?

మన జిల్లాలోనే నైరలో వ్యవసాయ కళాశాల ఉంది. 1989లో మొదలైన ఈ కళాశాల ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందినది. బి.ఎస్సీ. అగ్రికల్చర్ నాలుగేళ్ల చదువు. ఇంటర్‌లో సైన్సు చదివి, ఈఏపీసెట్ (మనం ఎంసెట్ అనేవాళ్లం) రాసి ర్యాంకు తెచ్చుకోవాలి. విశ్వవిద్యాలయం సీట్లలో రైతుబిడ్డలకు 40 శాతం కోటా ఉంది. పల్లె బడిలో కనీసం నాలుగేళ్లు చదివి ఉండాలి, కనీసం ఎకరం పొలమూ ఉండాలి. పొలం కాగితాలు ఇంకా తాతగారి పేరునే ఉండిపోయాయేమో ముందే చూసుకోండి. దరఖాస్తు నాడు పరుగులు పెడితే లాభం ఉండదు.

డిప్లొమా అయితే రెండేళ్లే. పదో తరగతి కాగానే వ్యవసాయ పాలిటెక్నిక్‌లో చేరవచ్చు. పై చదువు కావాలనుకుంటే తరవాత అగ్రిసెట్ రాసి డిగ్రీలో చేరే దారీ ఉంది.

కనబడని ఖర్చులు

ఫీజొక్కటే ఖర్చు కాదు. హాస్టలు, బస్సు చార్జీలు, రికార్డు పుస్తకాలు ఉంటాయి. ఇన్నాళ్లూ ఆ పిల్ల ఇంట్లో చేసిన పనికి ఇప్పుడు కూలి మనిషిని పెట్టుకోవాలి. ఆ కూలినీ లెక్కలో రాయాలి.

ప్రభుత్వ సీటుకీ, డబ్బు కట్టి కొనుక్కునే ప్రైవేటు సీటుకీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. ప్రైవేటులో చేర్పించేటప్పుడు ఐ.సి.ఎ.ఆర్. (భారత వ్యవసాయ పరిశోధనా మండలి) గుర్తింపు ఉందా అని కాగితం చూపించమని అడగండి. అది లేని డిగ్రీతో ఆ మండలి నిర్వహించే పి.జి. ప్రవేశ పరీక్షకు అర్హత ఉండదు. లక్షలు పోసి తలుపు మూసుకున్నట్టవుతుంది.

రాబడి ఎక్కడుంది?

2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు డిప్లొమా వాళ్లకు కూడా గ్రామ వ్యవసాయ సహాయకుల ఉద్యోగాలు దొరికాయి. మొదటి రెండేళ్లూ నెలకు 15,000 రూపాయలు. కానీ అలాంటి నోటిఫికేషన్ ఏటా రాదు. దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఆఫీసరు ఉద్యోగానికి నాలుగేళ్ల డిగ్రీ తప్పనిసరి, డిప్లొమా చాలదు. అందుకే మా వీధి ఆవిడతో, పెద్దదానికి ప్రభుత్వ సీటు వస్తే నాలుగేళ్లూ చదివించమనీ, చిన్నదానికి డిప్లొమా చాలనీ, ప్రైవేటు సీటు కోసం మాత్రం పెళ్లి డబ్బు ముట్టుకోవద్దనీ చెప్పాను.

సొంతంగా ఏదైనా పెట్టుకోవాలంటే, 2002లో మొదలైన అగ్రి క్లినిక్, అగ్రి బిజినెస్ సెంటర్ల పథకం ఉంది. వ్యవసాయ డిగ్రీ, డిప్లొమా ఉన్నవాళ్లకు వసతితో ఉచిత శిక్షణ ఇస్తారు. ఆపైన బ్యాంకు అప్పు మీద రాయితీ వస్తుంది. ఆడవాళ్లకు అది 44 శాతం. అంటే 5 లక్షల ప్రాజెక్టుకి 2,20,000 రూపాయలు. అయితే ఆ డబ్బు చేతికివ్వరు, అప్పు ఖాతాలోనే జమ చేస్తారు. వాయిదాలు మాత్రం వేళకు కట్టాల్సిందే.

బీరువాలో పట్టా

ఇంకో మాట. పురుగుమందుల దుకాణం లైసెన్సుకు ఇప్పుడు చదువు కావాలి. వ్యవసాయ డిగ్రీయో, డిప్లొమాయో ఉండాలి, లేకపోతే కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీల్లో ఏదో ఒకటి చదివిన బి.ఎస్సీ. అయినా సరిపోతుంది. మనలో ఎందరి పట్టాలు పెళ్లి చీరల కింద మడతలు పడి ఉన్నాయో! దుకాణం పెట్టాలన్న ఆలోచన రాగానే ఇంట్లోవాళ్లకు ఆ పట్టా గుర్తొస్తుంది. లైసెన్సు కోడలి పేర, గల్లాపెట్టె మాత్రం మామగారి చేతిలో. కల్తీ మందు అమ్మారని కేసు పడితే కోర్టు మెట్లెక్కేది ఎవరు? లైసెన్సులో పేరున్న మనిషే కదా! సంతకం మనదైతే కౌంటరు వెనకాల కుర్చీ, బ్యాంకు ఖాతా కూడా మనవే కావాలి.

చదువు ఖర్చు తిరిగి రావడమంటే జీతం ఒక్కటే కాదు. ఏ మందు ఎంత కొట్టాలో, ఏది కొట్టకూడదో తెలిసిన పిల్ల ఇంట్లో ఉంటే పొలం ఖర్చు తగ్గుతుంది. కాని పొలం గురించి ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఆ పిల్ల మాట కూడా వినాలి. చేర్పించే ముందు ఫీజు ఎంత, ఉద్యోగం వస్తుందా అన్న రెండు ప్రశ్నలతో పాటు, సంపాదన ఎవరి చేతికి వస్తుందన్న మూడోదీ అడగండి. ఆ మూడోదానికి సరైన జవాబు లేకపోతే, మొదటి రెండింటికీ ఎంత మంచి జవాబొచ్చినా పిల్లకు మిగిలేది పట్టా ఒక్కటే.