లెన్స్ కొన్నా సరే... మోస్తేనే మనది!

కొనడానికి వచ్చినతను ధర గురించి మాట్లాడనే లేదు. ఫోన్‌లో టార్చ్ ఆన్ చేసి లెన్స్ వెనక నుంచి లోపలికి కొట్టాడు. ముందువైపు నుంచి కాసేపు చూసి, ‘అన్నా, జర ఇటు చూడండి’ అన్నాడు. గాజు అంచున సాలెగూడులాంటి సన్నటి పోగులు. ఫంగస్! ఏడాదిన్నర ఈఎంఐ కట్టిన లెన్స్‌కి బూజు పట్టింది. తప్పు నాదే.

అది సెకండ్‌హ్యాండ్ 300 ఎంఎం ఎఫ్/2.8. బరువు రెండున్నర కిలోలు. బోనస్ పడగానే తీసుకున్నా. దాన్ని చూసి అమ్మ ‘ఇదేం ఫిరంగిరా?’ అంది.

ఎందుకంత మోజు?

ఇలాంటి లెన్స్‌ని ‘ఫాస్ట్’ అంటారు. కారణం వెలుగు. 300ని 2.8తో భాగిస్తే 107. అంటే వెలుగు వచ్చే దారి 107 మిల్లీమీటర్ల వెడల్పు. అదే ఎఫ్/5.6 అయితే 54 చాలు. వెడల్పు రెట్టింపైతే వెలుగు నాలుగింతలు. ఐఎస్ఓ మార్చకుండా 1/500 సెకనుకి తీసే ఫొటోని 1/2000కి తీయొచ్చు. తెల్లవారుజామున ఎగిరే పక్షి రెక్క స్పష్టంగా వచ్చేది అప్పుడే. కానీ అంత వెడల్పు గాజంటే బరువూ ఉంటుంది, ఖరీదూ ఉంటుంది.

బరువు ఇప్పుడు తగ్గుతోంది. కెనాన్ పాత 400 ఎంఎం ఎఫ్/2.8 ఐఎస్ ఐదు కిలోలు దాటేది. 2018లో వచ్చిన మూడో వెర్షన్ 2.84 కిలోలే. సోనీ 2023లో ప్రకటించిన 300 ఎంఎం ఎఫ్/2.8 అయితే కిలోన్నర లోపే. కాకపోతే కొత్తవన్నీ లక్షల్లో మాటే!

నేలపట్టులో పరాభవం

మొదటి ట్రిప్ సూళ్లూరుపేట దగ్గరున్న నేలపట్టుకి, గూడబాతుల కోసం. లెన్స్ చేత్తోనే పట్టుకున్నా. పది నిమిషాలకే చేతులు వణికాయి. దించిన క్షణంలోనే పక్షి లేచింది. దొరికిన ఫొటోల్లోనూ ముక్కు కొస షార్ప్, కన్ను మసక. ఎఫ్/2.8లో పది మీటర్ల దూరాన ఫోకస్ ఉండేది సుమారు 19 సెంటీమీటర్ల లోతే. గూడబాతు ముక్కే జానెడు దాటుతుంది మరి!

ఆ తర్వాత ఆఫీసులో వరసగా రిలీజ్‌లు. లెన్స్ బ్యాగులో, బ్యాగు అల్మారాలో. వానాకాలం మొత్తం అలాగే గడిచింది. చీకటి, చెమ్మ, కదలని గాలి... ఫంగస్‌కి ఇంకేం కావాలి? ఇక అమ్మేద్దామనుకున్నప్పుడు ఆ టార్చ్ నిజం చెప్పింది.

సర్వీస్‌లో శుభ్రం చేశారు. ఇంకొన్నాళ్లు వదిలేసి ఉంటే గాజు మీది కోటింగ్‌ని తినేసేదట.

ఇప్పుడు ఇలా...

* గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ మీటర్. 40–50 శాతం మధ్య ఉండేలా చూస్తున్నా.
* మోనోపాడ్ లేకుండా బయల్దేరను. లెన్స్‌కున్న కాలు పట్టుకునే ఎత్తుతా. కెమెరా పట్టుకుని ఎత్తితే బరువంతా మౌంట్ మీద పడుతుంది.
* ఫోకస్ కంటి మీదే. పక్షి దగ్గరగా ఉంటే ఎఫ్/4కి వెళ్తా.
* ఎండెక్కాక ఆపేస్తా. నీటి మీద గాలి వేడెక్కి కదులుతుంటే ఎంత ఖరీదైన లెన్సైనా మసకే.

మీకూ కొనాలనుందా? ముందు ఒక వీకెండ్ అద్దెకు తీసుకోండి. రెండు గంటలు మోశాక కూడా ఇంకో చెట్టు దాకా నడవాలనిపిస్తే కొనండి. సెకండ్‌హ్యాండ్ అయితే టార్చ్ మరవొద్దు.

మొన్న అతని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: ‘అన్నా, లెన్స్ ఇంకా అమ్ముతున్నారా?’

‘లేదు బ్రదర్. ఆదివారం పొద్దున్నే అమీన్‌పూర్ చెరువుకి వెళ్తున్నా, వస్తారా?’ అని పెట్టా.