గురక గుట్టు.. నిద్ర డైరీలో!

* రెండు వారాలు రాస్తే స్లీప్ అప్నియా ఆనవాళ్లు
* పక్కన పడుకునేవారి సాక్ష్యమే కీలకం

రాత్రి పదింటికి పడుకుంటారు. ఉదయం ఆరింటికి లేస్తారు. లెక్కప్రకారం ఎనిమిది గంటల నిద్ర. అయినా లేచేసరికి తలనొప్పి, ఎండిన నోరు, పగలంతా కునికిపాట్లు. వయసు మీద పడిందనో, పని ఒత్తిడనో సరిపెట్టుకుంటారు. ఇలాంటి వారిలో కొందరిని పీడించేది నిద్ర చాలకపోవడం కాదు.. నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ అప్నియా. నిద్రపోయే మనిషికి తన గురక తెలియదు. తన ఊపిరి ఆగిన సంగతీ తెలియదు. అందుకే ఈ జబ్బు ఏళ్ల తరబడి మరుగున ఉండిపోతుంది. దాన్ని అనుమానించడానికి ఓ నోటు పుస్తకం, పెన్ను ఎంతో తోడ్పడతాయి.

నిద్రలో జరిగేదేమిటి?

నిద్రపోగానే గొంతు కండరాలు వదులవుతాయి. కొందరిలో అవి గాలి వెళ్లే దారిని మూసేస్తాయి. పది సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. ముప్పును పసిగట్టిన మెదడు మనిషిని క్షణకాలం తట్టిలేపుతుంది. ఒక్కసారిగా ఊపిరి అందుకుని మళ్లీ నిద్రలోకి జారుకుంటారు. తెల్లవారాక ఇదేమీ గుర్తుండదు. గంటకు 5 నుంచి 15 సార్ల లోపు ఇలా ఊపిరి ఆగినా, బాగా తగ్గినా స్వల్ప స్థాయిగా లెక్కిస్తారు. 15 నుంచి 30 వరకు ఉంటే మధ్యస్థం. 30 దాటితే తీవ్రం. గంటకు 15 సార్లంటే ఏడు గంటల నిద్రలో 105 సార్లు. అన్నిసార్లు చెదిరిన నిద్ర ఒంటికి పట్టదు.

చికిత్స తీసుకోకపోతే అధిక రక్తపోటు, గుండెజబ్బులు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. రాత్రివేళ లారీ, బస్సు నడిపేవారికి కునుకు పడితే వారితోపాటు ఇతరుల ప్రాణాలకూ ముప్పే. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' చిత్రాలతో తెలుగువారికి చేరువైన సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో కన్నుమూసినప్పుడు, అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా కారణమని వైద్యులు వెల్లడించారు.

డైరీలో రాయాల్సినవి

డైరీని వరుసగా రెండు వారాలు రాయాలి. సెలవు రోజులనూ వదలకూడదు. రాత్రి వివరాలను ఉదయం లేచిన గంటలోపే నమోదు చేయాలి. అర్ధరాత్రి గడియారం చూడనక్కర్లేదు, అంచనా చాలు.

* పడుకున్న సమయం, నిద్ర పట్టిన సమయం, లేచిన సమయం
* రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది? మూత్రానికా, ఊపిరాడకా, ఉలిక్కిపడా?
* లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం ఉన్నాయా? నిద్ర తీరినట్లుందా?
* పగలు కునుకు ఎప్పుడు పట్టింది? టీవీ ముందా, బస్సులోనా, వాహనం నడుపుతుండగానా?
* టీ, కాఫీ, మద్యం, నిద్రమాత్రలు ఏ వేళకు తీసుకున్నారు?

చివరి గడి ఇంట్లోవారిది

ఈ డైరీలో అతి ముఖ్యమైన గడిని పక్కన పడుకునేవారే నింపాలి. గురక ఎంత గట్టిగా ఉంది? మధ్యలో హఠాత్తుగా నిశ్శబ్దమై, ఆ తర్వాత ఎగశ్వాసతో మళ్లీ మొదలవుతోందా? వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువవుతోందా? ఈ మూడూ రాస్తే చాలు. ఒంటరిగా ఉండేవారు సెల్‌ఫోన్‌లో శబ్దాన్ని రికార్డు చేసుకోవచ్చు.

ఎలా చదవాలి?

రోజూ ఐదు గంటలే పడుకుంటున్నట్లు తేలితే పగటి మగతకు నిద్ర చాలకపోవడమే కారణం కావచ్చు. పడుకున్నా గంటల తరబడి నిద్ర పట్టకపోతే నిద్రలేమిని అనుమానించాలి. ఏడెనిమిది గంటలు నిద్రపోయినా పగలు కునికిపాట్లు వస్తూ, ఇంట్లోవారి గడిలో ఊపిరి ఆగినట్లు కనిపిస్తే అది స్లీప్ అప్నియాకు గట్టి సూచన. రాత్రి పదేపదే మూత్రానికి లేవడాన్ని మధుమేహం ఖాతాలో, ఉదయపు తలనొప్పిని రక్తపోటు ఖాతాలో వేసి ఊరుకోవడం పరిపాటి. అవన్నీ ఒకే పేజీలో పక్కపక్కన కనిపించినప్పుడు అసలు సంగతి బయటపడే అవకాశం ఉంది. మద్యం గొంతు కండరాలను మరింత వదులు చేస్తుంది. తాగిన రాత్రి గురక పెరిగిందేమో డైరీయే చెబుతుంది.

దీనికి తోడుగా ఎప్‌వర్త్ పట్టికనూ వైద్యులు వాడతారు. ఆస్ట్రేలియా వైద్యుడు ముర్రే జాన్స్ దీన్ని 1991లో వెలువరించారు. కూర్చుని చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు.. ఇలా ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 24కు 10 దాటితే పగటి మగత ఎక్కువగా ఉన్నట్లే.

డైరీతోనే తేలిపోదు

డైరీ అనుమానాన్ని బలపరుస్తుందే తప్ప జబ్బును నిర్ధారించదు. అందుకు రాత్రంతా శ్వాస, ఆక్సిజన్, గుండె, మెదడు తరంగాలను నమోదు చేసే పాలీసోమ్నోగ్రఫీ పరీక్ష ఉంది. కొందరికి ఇంటివద్దే చేసే పరీక్ష సరిపోతుంది. డైరీలో ఏమీ కనిపించకున్నా లక్షణాలు వేధిస్తుంటే వైద్యుణ్ని కలవాల్సిందే. స్థూలకాయులకు ముప్పు ఎక్కువే అయినా, దవడ చిన్నగా ఉన్న సన్నటి మనుషులకూ, టాన్సిల్స్ పెరిగిన పిల్లలకూ ఈ జబ్బు రావచ్చు. మహిళల్లో గురక కన్నా నిస్సత్తువ, నిద్ర పట్టకపోవడమే ఎక్కువగా కనిపించవచ్చు. సలహా లేకుండా నిద్రమాత్రలు వేసుకుంటే కొందరికి శ్వాస ఇబ్బంది మరింత పెరుగుతుంది.

బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరిచి ఉంచే సీప్యాప్ యంత్రం, అవసరమైతే శస్త్రచికిత్స.. ఇలా చికిత్స మార్గాలు ఉన్నాయి. ఊపిరితిత్తుల వైద్యులను లేదా చెవి, ముక్కు, గొంతు వైద్యులను సంప్రదించవచ్చు. వెళ్లేటప్పుడు డైరీతోపాటు ఆ చివరి గడి నింపినవారినీ వెంట తీసుకెళ్లడం మేలు.